'పికీ' అనే ఇంగ్లిష్ మాటను ఎవరి గురించి, ఎప్పుడు, ఎలా వాడాలి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయికి బీచ్ రోడ్డులోని ఓ హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం వచ్చింది. చేరిన రెండో వారంలో ఒకరోజు డ్యూటీ దిగి, యూనిఫాంతోనే నేరుగా క్లాసుకు వచ్చేసింది. కళ్లలో నీళ్లు.

"మాస్టారూ, పికీ అంటే తిట్టా?"

జరిగింది ఇదీ. విదేశం నుంచి వచ్చిన ఒక పెద్దాయన సముద్రం కనిపించే గది అడిగాడు, ఇచ్చింది. రోడ్డు మీద చప్పుడు వినిపిస్తోందని పై అంతస్తుకు మారతానన్నాడు, మార్చింది. ఆ తర్వాత తలగడ మరీ మెత్తగా ఉందన్నాడు, వేరేది పంపించింది. ఈ పిల్ల ఎక్కడా విసుక్కోలేదు. పైగా 'ఈయనకు ఏం కావాలో ఎంత బాగా తెలుసో' అని ముచ్చటపడింది. ఆ ముచ్చటతోనే నవ్వుతూ "యూ ఆర్ వెరీ పికీ, సర్" అంది. ఆయన ముఖం మాడిపోయింది. కాసేపటికి మేనేజరు పిలిచి మందలించాడు. ఫోన్లో డిక్షనరీ తీసి చూస్తే 'ఎంపిక చేసుకునే స్వభావం గల' అని ఉంది. అందులో అంత తప్పేముందని ఆ పిల్ల బాధ.

డిక్షనరీ అబద్ధం చెప్పలేదు. సగమే చెప్పింది. పికీ అన్న మాటలో ఏరుకునేవాడు ఒక్కడే లేడు, వాడు ఏరుకుంటుంటే పక్కన నిలబడి విసిగిపోయినవాడు కూడా ఉన్నాడు. ఆ రెండోవాడు మనకు కనిపించేదాకా ఈ మాట మన చేతికి రాదు. ఆ రోజు ఆ అమ్మాయికి కూర్చోబెట్టి చెప్పిన పద్ధతినే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: మాటను విప్పి, నోటితో పలకండి

'పిక్' అంటే ఏరడం, ఎంచడం, కోయడం. దాని చివర 'వై' అక్షరం చేరితే పికీ అయింది. ఇంగ్లిష్‌లో ఆ చివరి 'వై' చాలాచోట్ల 'ఆ గుణం నిండుగా ఉన్న' అనే అర్థం తెస్తుంది. స్లీప్ నుంచి స్లీపీ, మూడ్ నుంచి మూడీ, చూజ్ నుంచి చూజీ వచ్చినట్టే ఇదీ వచ్చింది. అంటే అక్షరార్థం 'ఏరుడు గుణం ఎక్కువైనవాడు' అని. పికీ, చూజీ రెండూ 1860ల నాటి రాతల్లో కనిపించడం మొదలైన మాటలు. వయసులో కవలల్లాంటివి.

పలకడంలో మన నాలుక రెండుచోట్ల తడబడుతుంది. స్పెల్లింగులో 'సి', 'కె' రెండూ ఉన్నాయి కదా అని మనం 'పిక్కీ' అని ఒత్తి పలుకుతాం. మన ఉత్తరాంధ్రలో చింతపిక్క, జీడిపిక్క రోజూ నోట్లో ఆడే మాటలు కాబట్టి ఆ ఒత్తు మరింత సులువుగా వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో అక్కడ ఉన్నది ఒకే ఒక్క 'క' ధ్వని. ఊనిక మొదటి అక్షరం మీద పడాలి.

రెండోది ఇంకా ముఖ్యం. మొదటి అక్షరం పొట్టిగా ఉండాలి. దాన్ని సాగదీసి 'పీకీ' అన్నారంటే అది వేరే మాట. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో దానికి 'ఒంట్లో బాగాలేక ముఖం పాలిపోయిన' అని అర్థం. తిండి దగ్గర పేచీ పెట్టే పిల్లాడి గురించి చెప్పబోయి, పిల్లాడికి జబ్బు చేసిందని చెప్పినవాళ్లం అవుతాం.

రెండో మెట్టు: అర్థాన్ని కళ్లతో చూడండి

దీనికి ఫిషింగ్ హార్బరుకు మించిన పాఠశాల నాకు తెలియదు. తెల్లారగట్ల బోట్లు ఒడ్డుకు చేరాక వెళ్లండి. ఎవరైనా ఒక పెద్దావిడ వంజరం కొనే తీరును దగ్గర నుంచి చూడండి. నేను చూసింది చెబుతాను.

ఆవిడ ముందు చేప కన్ను చూసింది. ఉబ్బెత్తుగా, తేటగా ఉందా, లోపలికి పోయి మసకబారిందా అని. తర్వాత బొటనవేలితో మొప్ప పైకెత్తింది. లోపల ఎర్రగానే ఉంది. అయినా ఆగలేదు. వీపు మీద కండను వేలితో నొక్కి వదిలింది. నొక్కినచోట గుంట పడి ఉండిపోతే చేప పాతది, వెంటనే పైకి లేస్తే తాజాది. అది లేచింది. చివరికి వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. ఇంత చేసి, చేపను అక్కడే పెట్టేసి పక్క గంప దగ్గరకు నడిచింది.

గంప ముందున్న మనిషి వెనక నుంచి అంది: "ఏటమ్మా, ఇప్పుడే ఒడ్డుకొచ్చిన సేప. దీనికేటి వంక?"

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ పెద్దావిడ చేసిన పని ఒక్కటే. అమ్మే మనిషి దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వస్తే "షీ ఈజ్ సో పికీ" అంటుంది. ఆవిడ తన గురించి తాను చెప్పుకుంటే "ఐయామ్ పర్టిక్యులర్ అబౌట్ ఫిష్" అంటుంది. మధ్యాహ్నం ఆ పులుసు తిన్న అల్లుడు చెబితే "షీ ఈజ్ ఎ డిసర్నింగ్ బయ్యర్" అంటాడు. చేప మారలేదు, మనిషి మారలేదు, పని మారలేదు. చెప్పే నోరు మారింది.

హోటల్లో మా అమ్మాయి మనసు అల్లుడి వైపు ఉంది, నోట్లోంచి వచ్చింది మాత్రం అమ్మే మనిషి మాట. జరిగిన పొరపాటు మొత్తం ఇంతే.

మూడో మెట్టు: చుట్టాలను ఒక వరసలో నిలబెట్టండి

పికీకి చుట్టాలు చాలామంది. అందరినీ 'ఎంపిక చేసుకునే' అనే ఒక్క తెలుగు మాట కింద కుక్కితే ఎవరి ముఖమూ కనిపించదు. విడివిడిగా పరిచయం చేస్తాను.

చూజీ: పికీకి అతి దగ్గర. విసుగు కాస్త తక్కువ. మన సినిమా వార్తల్లో 'కథల విషయంలో ఆ హీరోయిన్ చాలా చూజీ' అని రాయడం చూస్తూనే ఉంటాం. అక్కడ పికీ అని రాస్తే నిర్మాతలను ఏడిపిస్తోందనే వాసన వస్తుంది.

ఫసీ: 'ఫస్' అంటే అనవసరపు హడావిడి. బ్రిటన్‌లో పికీ కంటే దీన్ని ఎక్కువ వాడతారు. తిండి దగ్గర పేచీ పెట్టే పిల్లలను అమెరికాలో 'పికీ ఈటర్' అంటే, అక్కడ 'ఫసీ ఈటర్' అంటారు. దీనికి ఇంకో వాడుక కూడా ఉంది. మరీ ఎక్కువ వర్కు చేసి, కుచ్చులు, పూసలు అన్నీ తగిలించిన జాకెట్టును 'ఫసీ' అనవచ్చు. పికీని అలా బట్టల మీదో డిజైన్ మీదో వాడరు. అది ఇష్టాయిష్టాలు ఉన్న ప్రాణికే చెందిన మాట. మనిషికి వాడొచ్చు, పాలు చల్లబడితే ముట్టని పిల్లికీ వాడొచ్చు.

ఫినికీ: 'ఫైన్' అన్న మాట నుంచి పుట్టిందని భాషావేత్తల అంచనా. చిన్నచిన్న వివరాల దగ్గర ఆగిపోయే స్వభావం. మనుషులకే కాదు, వస్తువులకూ వాడతారు. చోక్ ఇంత లాగితేనే స్టార్టయ్యే పాత స్కూటరు ఫినికీ.

ఫాస్టిడియస్: ఇది పుస్తకాల మాట. లాటిన్‌లో 'ఫాస్టిడియం' అంటే ఏవగింపు. ఆ ఏవగింపు ఛాయ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఇప్పుడు ఎక్కువగా శుభ్రత, పనిలో నిక్కచ్చితనం గురించి వాడతారు. కంచం కడిగినా మళ్లీ ఒకసారి తొలిచి, గుడ్డతో తుడిచి, వెలుగులో పెట్టి చూసుకునే మనిషి ఫాస్టిడియస్. సందర్భాన్ని బట్టి మెచ్చుకోలూ కావచ్చు, దెప్పుడూ కావచ్చు.

పర్టిక్యులర్: మనకు ఎప్పటినుంచో చుట్టమే. 'ఆయన టైము విషయంలో చాలా పర్టిక్యులర్' అని తెలుగులోనే అంటాం. మర్యాదైన మాట. ఎదుటివాళ్ల ముందు కూడా అనవచ్చు.

సెలెక్టివ్: చల్లని మాట. పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. ఒక్క జాగ్రత్త. 'సెలెక్టివ్ మెమరీ' అంటే మాత్రం దెప్పడమే. తనకు పనికొచ్చేవే గుర్తుపెట్టుకుంటాడని అర్థం.

డిసర్నింగ్: ఇది నాకు ఇష్టమైన మాట. దీని మూలంలో ఉన్న లాటిన్ క్రియ 'సెర్నెరె'కు జల్లించడం అని అర్థం. జల్లెడ పట్టి పొట్టును గింజను వేరు చేయడం, అంతే. మంచిచెడ్డలు గుర్తుపట్టే కన్ను ఉన్నవాళ్లు డిసర్నింగ్. మా అమ్మాయికి ఆ రోజు కావలసిన భావం ఇదే. అయితే కౌంటరు దగ్గర నిలబడి అనడానికి కాస్త బరువైన మాట, ప్రకటనల్లో బాగుంటుంది. నోటితో అనడానికి తేలికైనది కింద చెబుతాను.

నిట్‌పికీ: 'నిట్' అంటే తలలో ఈపి. ఒక్కో వెంట్రుక పట్టుకుని ఈపులు ఏరినట్టు చిన్న చిన్న తప్పులు వెతికేవాడు నిట్‌పికీ. దీనికి తెలుగులో నిఘంటువు అక్కరలేదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే సరిపోయింది. పికీకీ దీనికీ తేడా మరిచిపోవద్దు. పికీ మనిషి తనకోసం వస్తువును ఏరుకుంటాడు, నిట్‌పికీ మనిషి ఇంకొకరి పనిలో తప్పులు ఏరుతాడు.

ఇక తెలుగులో పికీకి సమానమైన మాట ఏది? ఒక్కటి లేదు. ఉన్నవన్నీ తలో ముక్కా పట్టుకున్నాయి. 'వంకలు పెట్టే' అంటే విసుగు సరిగ్గా వస్తుంది, ఎంపిక తగ్గుతుంది. 'ఏరికోరి' అంటే ఎంపిక వస్తుంది, విసుగు రాదు, పైగా ప్రేమ వస్తుంది. 'పట్టింపు ఎక్కువ' అన్నది పర్టిక్యులర్‌కు దగ్గర. 'ఆచితూచి' అన్నది సెలెక్టివ్‌కు దగ్గర. నన్నడిగితే పికీకి దగ్గరగా వచ్చేది మన ఇళ్లలో అమ్మలు అనే వాక్యమే: "వీడికి ఓ పట్టాన ఏదీ నచ్చదు." అందులో ఎంపికా ఉంది, నిట్టూర్పూ ఉంది.

నాలుగో మెట్టు: వాక్యంలో దాని చోటు

ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద తప్పు తెలుగు వాక్యం తీరు నుంచే వస్తుంది. మనం 'ఆమెకు పట్టింపు ఎక్కువ' అంటాం. మనిషికి 'కు' చేర్చి, గుణాన్ని ఒక వస్తువులా పక్కన పెడతాం. దాన్నే ఇంగ్లిష్‌లోకి లాగి "షీ హ్యాజ్ మోర్ పికీనెస్" అంటారు. పికీనెస్ అన్న నామవాచకం ఉంది కానీ ఆ వాక్యం ఎవరూ అనరు. ఇంగ్లిష్‌లో మనిషే ఆ గుణం అయిపోతుంది: "షీ ఈజ్ వెరీ పికీ." 'హ్యాజ్' తీసి 'ఈజ్' పెట్టడం ఒక్కటి అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

దేని విషయంలో పికీయో చెప్పాలంటే 'అబౌట్' వాడండి. "హీ ఈజ్ పికీ అబౌట్ హిజ్ కాఫీ." "దే ఆర్ పికీ అబౌట్ షూస్." తెలుగులో 'విషయంలో' అని అంటాం కాబట్టి చాలామంది 'ఇన్' పెడతారు. అది వద్దు. 'ఆన్' అసలే వద్దు. 'పిక్ ఆన్' అంటే ఒకరిని పనిగట్టుకుని వేధించడం. వినేవాళ్లకు ఆ నీడ తగులుతుంది.

'టూ' చేరిస్తే ఫిర్యాదు ముదురుతుంది: "యూ ఆర్ టూ పికీ." 'ఎ బిట్' చేరిస్తే మెత్తబడుతుంది: "ఐయామ్ ఎ బిట్ పికీ అబౌట్ రైస్." పోల్చి చెప్పాలంటే స్పెల్లింగులోని చివరి 'వై' పోయి 'ఐ' వస్తుంది: పికియర్, పికియెస్ట్. "మై సన్ ఈజ్ పికియర్ దాన్ మై డాటర్."

రోజూ పనికొచ్చే వాక్యం ఇంకొకటి ఉంది. ఎవరింటికైనా వెళ్లినప్పుడు టీయా కాఫీయా అని అడిగితే "ఐయామ్ నాట్ పికీ" అనండి. 'ఏదైనా ఫర్వాలేదండీ' అన్నంత ఆత్మీయంగా ఉంటుంది. బ్రిటన్ వాళ్లయితే "ఐయామ్ నాట్ ఫస్డ్" అంటారు.

'బెగ్గర్స్ కాంట్ బీ చూజర్స్' అనే సామెత మీరు వినే ఉంటారు. జాన్ హేవుడ్ 1546లో అచ్చు వేయించిన సామెతల సంకలనంలోనే ఇది కొంచెం వేరే రూపంలో ఉంది. అడుక్కునేవాడికి ఏరుకునే వీలెక్కడిదని భావం. మన 'ఆకలి రుచెరుగదు' దీనికి చుట్టమే కానీ గుణం వేరు. మనది ఆకలి స్వభావం చెబుతుంది, ఇంగ్లిష్‌ది లేనివాడికి వాడి చోటు చూపిస్తుంది. అందుకే దాన్ని మీ గురించి మీరు అనుకోవచ్చు గానీ ఇంకొకరి ముఖం మీద అనకండి.

ఐదో మెట్టు: ఎవరి గురించి అంటున్నారో చూసుకోండి

మీ గురించి మీరు చెప్పుకుంటే ఎప్పుడూ ఇబ్బంది లేదు. చంటిపిల్లల గురించి చెప్పినా ఇబ్బంది లేదు. పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టని పిల్లాడిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే "హీ ఈజ్ ఎ పికీ ఈటర్" అని చెప్పండి. తల్లిదండ్రులూ డాక్టర్లూ మామూలుగా వాడే మాట అది, ఎవరూ తప్పు పట్టరు. దగ్గరి స్నేహితులతో నవ్వుతూ అనుకోవచ్చు.

కస్టమరు, అతిథి, పై అధికారి, కొత్త చుట్టం, ఈ నలుగురి ముఖం మీద మాత్రం వద్దు. వాళ్లను మెచ్చుకోవాలనిపిస్తే "యూ నో ఎగ్జాక్ట్లీ వాట్ యూ లైక్" అనండి. పైన తేలికైనది చెబుతానన్నది ఇదే. అన్నీ చిన్న మాటలు, ఏదీ గుచ్చుకోదు. ఇంటర్వ్యూలో "ఐయామ్ వెరీ పికీ అబౌట్ మై వర్క్" అని మా విద్యార్థులు ఉత్సాహంగా చెబుతుంటారు. వినేవాళ్లకు 'ఈ మనిషితో వేగడం కష్టం' అనిపించవచ్చు. "ఐయామ్ పర్టిక్యులర్ అబౌట్ క్వాలిటీ" అనండి, లేదా "ఐ పే అటెన్షన్ టు డీటెయిల్" అనండి.

ఇక పెళ్లి సంబంధాల మాట. దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నాలుగు సంబంధాలు కాదన్న అమ్మాయిని చుట్టాలందరూ కూర్చుని 'మరీ పికీ' అనేస్తారు. ఇంగ్లిష్ తెలిసిన ఇళ్లలో ఈ మాట తరచుగా వినిపిస్తోంది. వంజరం కొనడానికి కన్నూ మొప్పా కండా వాసనా చూస్తే తప్పు లేదు. జీవితమంతా పక్కన ఉండే మనిషి కోసం ఆలోచిస్తే దానికి విసుగు పులిమిన మాట తగిలించడం అన్యాయం. అక్కడ "షీ నోస్ వాట్ షీ వాంట్స్" అనండి. సరిపోయే వాక్యం అదే, నిజం కూడా అదే.

ఆరో మెట్టు: ఒక వారం సాధన

ఎంవీపీ కాలనీ రైతుబజారుకో సీతమ్మధార రైతుబజారుకో సంచి పట్టుకుని వెళ్లండి. బెండకాయల దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఎవరో ఒకరు లేతదా ముదురా అని ఒక్కో కాయ కొస విరిచి చూస్తుంటారు. 'తుంచకమ్మా, తుంచినవి ఎవరు కొంటారు' అని అమ్మే రైతు అంటుంటాడు. ఇంటికి వచ్చి ఆ ఒక్క దృశ్యాన్నే ముగ్గురి నోట రాయండి. రైతు నోట, కొనే మనిషి నోట, ఆ కూర తిన్నవాళ్ల నోట. మూడు వాక్యాలు, మూడు వేరు వేరు విశేషణాలు. ప్రతి వాక్యంలో 'అబౌట్' ఉందో లేదో చూసుకోండి. 'హ్యాజ్' దూరిందేమో చూసుకోండి. మర్నాడు ఇంకో దృశ్యం పట్టుకోండి. చీరల కొట్టు కావచ్చు, చెప్పుల కొట్టు కావచ్చు, ఇంట్లో పిల్లాడి కంచం కావచ్చు.

డిక్షనరీ చూసేటప్పుడు తెలుగు అర్థం దగ్గరే ఆగకండి. నేర్చుకునేవాళ్ల కోసం వేసిన ఇంగ్లిష్-ఇంగ్లిష్ నిఘంటువుల్లో కొన్ని మాటల పక్కన చిన్న అక్షరాలతో 'ఇన్ఫార్మల్' అనో 'డిసప్రూవింగ్' అనో ఉంటుంది. మొదటిది ఉంటే దరఖాస్తుల్లో వాడకూడదని, రెండోది ఉంటే ఆ మాటలో నిందో అయిష్టమో ఉందని గుర్తు. ఫోన్లోని తెలుగు అర్థం మింగేసేది సరిగ్గా ఆ చిన్న అక్షరాలనే. ఇంట్లో అలాంటి నిఘంటువు లేకపోతే దగ్గర్లోని ఏ గ్రంథాలయంలోనైనా ఒక పూట కూర్చుని ఈ ఎనిమిది మాటలూ వరసగా చూసుకోండి.

మా అమ్మాయి ఆ వారం రాసుకొచ్చిన కాగితం నా దగ్గర ఉంది. రైతుబజారు గురించి రాయలేదు. ఆ పెద్దాయన గురించే రాసింది. తలగడ మోసుకెళ్లిన రూమ్ బాయ్ నోట: "ద గెస్ట్ ఈజ్ టూ పికీ." ఆయన నోట: "ఐయామ్ పర్టిక్యులర్ అబౌట్ పిల్లోస్, మై నెక్ హర్ట్స్." మూడోది తన నోట రాసింది: "హీ నోస్ ఎగ్జాక్ట్లీ వాట్ హీ లైక్స్." మెడ నొప్పి సంగతి నీకెలా తెలుసని అడిగాను. మర్నాడు క్షమించమని అడగడానికి వెళ్తే ఆయనే చెప్పాడట.